దడ్వాయిని తిట్టే ముందు బస్తాలు ఎవరు ఎత్తుతున్నరో చూడుండ్రి



ఈసారి పత్తి రేటు గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు. కోర్టు గురించి రాస్తున్న. "మనకెందుకురా కోర్టు ముచ్చట, మన పని మనకే తెగుతలేదు" అనేటోళ్లు ఉంటరు. జర ఓపిక పట్టి ఆఖరిదాకా చదువుండ్రి. ఇది మన పట్టా పాస్‌బుక్కుదాకా వచ్చే ముచ్చటే.

ఓటుకు నోటు కేసు అందరికీ యాదికున్నదే. 2015 మే 31న, అంటే ఎమ్మెల్సీ ఎన్నికకు ఒక్క రోజు ముందు, అప్పటి టీడీపీ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని ఏసీబీ పట్టుకున్నది. నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్ ఓటు కోసం 5 కోట్లు మాట్లాడుకొని, అందుల 50 లక్షలు అడ్వాన్స్ తెచ్చిండని ఏసీబీ ఆరోపణ. దాదాపు నెల రోజులు జైల్ల ఉండి, జూన్ ఆఖరుకు హైకోర్టుల బెయిల్ తెచ్చుకున్నడు. జులైల ఏసీబీ చార్జిషీట్ వేసింది. అదే రేవంత్ రెడ్డి 2023 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి అయిండు. హోం శాఖ కూడ తన దగ్గరనే పెట్టుకున్నడు.

ఒక్క మాట ముందే చెప్తున్న. కేసు రుజువు కాలేదు. అది కుట్ర అని ఆయన అంటున్నడు. చట్టం లెక్కల ఆయన నిందితుడు, దోషి కాదు. నేను ఆయన తప్పు చేసిండని రాస్తలేను, చేయలేదనీ రాస్తలేను. అది తేల్చాల్సింది కోర్టు. పదేండ్లు దాటినా తేలలేదన్నదే నా బాధ.

ఇగ మన హోటళ్ల కాడ, బస్‌స్టాండ్ల కాడ నడిచే మాటలు చూడుండ్రి. గులాబీ కండువా కప్పుకున్నాయన ఏమంటడు? "సీఎం మీద తీర్పు ఇచ్చే దమ్ము ఏ జడ్జికి ఉంటది? అందరు మేనేజ్ అయిన్రు." మూడు రంగుల కండువాయన ఏమంటడు? "అది కేసీఆర్ పెట్టించిన కేసు, అప్పుడు కోర్టులు కూడ ఆయన చెప్పినట్టే విన్నయి." ఇద్దరు రెండు పార్టీలు. మాట మాత్రం ఒక్కటే: జడ్జి అమ్ముడుపోయిండు. సాక్ష్యం అడిగితే ఇద్దరి దగ్గర ఉండేది వాట్సాప్ మెసేజే.

అన్నలారా, జడ్జి ఎవరి మనిషి అని అడుగుడు తప్పు కాదు. కాని ముందు అడగాల్సింది అది కాదు.

జిల్లా జడ్జీల పోస్టింగులు, ట్రాన్స్‌ఫర్లు ముఖ్యమంత్రి చేతుల ఉండయి. రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం కింది కోర్టుల మీద అదుపు హైకోర్టుది. తహసీల్దార్‌ను మార్చినట్టు, ఎస్సైని మార్చినట్టు, జడ్జిని ఒక ఫోన్ కాల్‌తోటి మార్చుడు సర్కార్‌కు సాధ్యం కాదు. మరి సర్కార్ చేతుల ఉన్నది ఏంది? కేసు పరిశోధన చేసే ఏసీబీ. కోర్టుల సర్కార్ తరఫున వాదించే పీపీ. సాక్షిని తెచ్చి బోనుల నిలబెట్టేది వాళ్లు. టేపులు, ల్యాబ్ రిపోర్టులు జడ్జి టేబుల్ మీద పెట్టేది వాళ్లు. కేసు ఓడిపోతే అప్పీలుకు పోవాల్నా వద్దా అని ఫైలు నడిపేది సర్కారే.

మన ఎనుమాముల మార్కెట్ లెక్కల చెప్తే ఎవరికైనా అర్థమైతది. దడ్వాయి కాంట ముందల నిలబడ్డడు. కాంట సక్కగనే ఉన్నది. కాని పది బస్తాల్ల ఐదే కాంట మీదికి ఎక్కినయి. మిగిలిన ఐదు షెడ్డు వెనుక ఉండిపోయినయి. దడ్వాయి ఐదు బస్తాల తూకమే రాస్తడు. ఆయన కండ్ల ముందటికి రాని బస్తాకు ఆయన తూకం ఎట్ల రాస్తడు? రైతు మాత్రం దడ్వాయి గల్లా పట్టుకుంటడు. బస్తాలు ఎత్తెటోళ్లకు కూలి ఇచ్చేది, వాళ్లను పనిల పెట్టేది ఖరీదుదారే అయితే, ఆ ముచ్చట ఎవ్వరు అడగరు. (హమాలీ అన్నలు ఏమనుకోవద్దు, పోలికకు చెప్పిన.)

కోర్టు కూడ గంతే. జడ్జి తన ముందటికి వచ్చిందే తూకం వేస్తడు. నిందితుడే హోం మంత్రి అయితే, తన మీద బస్తాలు ఎత్తాల్సినోళ్లకు తానే పెద్ద. అనుమానం పుట్టే జాగ ఇది. ఒక మనిషి మంచోడా చెడ్డోడా అన్నది పక్కన పెట్టుండ్రి. దేవుడే ఆ కుర్చీల కూసున్నా ఈ అనుమానం వస్తది, రావాలె కూడ.

ఇది నా సొంత తెలివి కాదు. సుప్రీంకోర్టుకు పోయిన ముచ్చటే. బీఆర్ఎస్ ఎమ్మెల్యే జగదీశ్ రెడ్డి, ఇంకొందరు 2024ల పిటిషన్ వేసిన్రు. ముఖ్యమంత్రే నిందితుడు కాబట్టి తెలంగాణల విచారణ సక్కగ జరగదు, కేసును మధ్యప్రదేశ్‌కు, భోపాల్‌కు మార్చుండ్రి అని అడిగిన్రు. సుప్రీంకోర్టు మార్చలేదు. ఉత్త అనుమానం మీద కేసు మార్చలేం, గట్ల మారిస్తే ఇక్కడి జడ్జీల మీద మాకే నమ్మకం లేనట్టు అయితది అన్నట్టు మాట్లాడింది. కాని 2024 సెప్టెంబర్ 20న ఆ పిటిషన్‌ను ముగిస్తూ ఒక గట్టి మాట చెప్పింది: ఈ కేసు నడిపే విషయంల ముఖ్యమంత్రి వేలు పెట్టొద్దు, ఏసీబీ డైరెక్టర్ జనరల్ ఈ కేసు సంగతులు ముఖ్యమంత్రికి గాని, హోం మంత్రికి గాని చెప్పొద్దు.

చూసిన్రా? కోర్టు జడ్జిని మార్చలేదు. నిందితునికి, బస్తాలు ఎత్తెటోళ్లకు నడుమ ఒక గోడ కట్టమన్నది. రోగం యాడున్నదో సుప్రీంకోర్టుకు కూడ కనపడ్డది. మన హోటల్ ముచ్చట్లల్లనే కనపడుతలేదు.

కాని ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. ఆ గోడ కాగితం మీద ఉన్నది. ఏసీబీ డీజీని ఆ సీట్ల కూసోబెట్టేది సర్కారే, లేపేదీ సర్కారే. రేపటి పోస్టింగ్ ఎవరి చేతుల ఉన్నదో ఆఫీసర్‌కు తెల్వదా? ఫోన్ చేయకున్నా, నోరు తెరవకున్నా, పెద్దసారు మనసుల ఏమున్నదో కింద ఉన్నోనికి సమజైతది. మన మండల ఆఫీసుల్ల రోజూ చూస్తలేమా?

ఇగ రెండో వైపు. బీఆర్ఎస్ అన్నలు "న్యాయం జరుగుతలేదు" అని గట్టిగ అరుస్తున్నరు కద. మంచిదే. ఒక లెక్క చెప్పమనుండ్రి. 2015 మే నుంచి 2023 డిసెంబర్ దాకా ఎనిమిదిన్నర ఏండ్లు ఏసీబీ ఎవరి చేతుల ఉండె? పీపీని పెట్టింది ఎవరు? ఆడియో, వీడియో అన్నీ ఉన్నయని టీవీల్ల మోత మోగించిన కేసు, ఎనిమిదిన్నర ఏండ్లల్ల తీర్పుదాకా ఎందుకు రాలే? "నిందితులు పిటిషన్ మీద పిటిషన్ వేసిన్రు" అంటరు. నిజమే, వేసిన్రు. ఇది ఎన్నికల నేరం, ఏసీబీ కోర్టు దీన్ని విచారించొద్దు అని రేవంత్ రెడ్డి వాదించిండు. 2021ల ఏసీబీ కోర్టు ఒప్పుకోలే, హైకోర్టు ఒప్పుకోలే, ముచ్చట సుప్రీంకోర్టుదాకా పోయింది. కాని ఆ లెక్క తీసినా ఇంకా ఎన్నో ఏండ్లు మిగులుతయి. ఆ ఏండ్లు ఎటు పోయినయి? కేసు ముగిసే దానికంటే, అవతలోని మెడ మీద కత్తి తీరు వేలాడుతుంటేనే లాభం అనుకున్నరా? నాకు సాక్ష్యం లేదు, అందుకే ప్రశ్న అడుగుతున్న.

అవినీతి నిరోధక చట్టాన్ని 2018ల సవరించిన్రు. దాంట్ల ఏమున్నది? విచారణ రోజువారీగ నడపాలె, రెండేండ్లల్ల ముగించే ప్రయత్నం చేయాలె. కాకపోతే జడ్జి కారణం రాసి ఆరేసి నెలలు పొడిగించుకోవచ్చు. అంతా కలిపి మామూలుగ నాలుగేండ్లు దాటొద్దు. చట్టం గిట్ల చెప్తది. చార్జిషీట్ 2015ది. చట్టం ఒక దిక్కు, తారీకులు ఒక దిక్కు. ఎవని వైపు మొగ్గు ఉన్నదని తీర్పుల వెతుకుతున్నరు గాని, ఆ మొగ్గు తారీకులనే ఉంటది. ఆలస్యం ఎవరికి లాభమో, కాంట అటే వంగినట్టు.

ఇంకో సంగతి. 2024 ఆగస్టు 27న కవితకు ఢిల్లీ లిక్కర్ కేసుల సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. సిసోడియాకు 15 నెలలు పట్టింది, ఈమెకు ఐదు నెలలకే ఎట్ల వచ్చింది, బీజేపీకి, బీఆర్ఎస్‌కు నడుమ ఒప్పందం ఉన్నదని రేవంత్ రెడ్డి అన్నడు. రెండు రోజులకే అదే సుప్రీంకోర్టుల ఆయన కేసు బదిలీ పిటిషన్ విచారణకు వచ్చింది. జడ్జీలకు కోపం వచ్చింది. పార్టీలను అడిగి మేము తీర్పులు ఇస్తమా అన్నట్టు మందలించిన్రు. తెల్లారి ముఖ్యమంత్రి విచారం చెప్పిండు.

ఇప్పుడు చూడుండ్రి. తన కేసుల కోర్టును నమ్మాలె అనేటాయన, పక్కోళ్ల బెయిల్ మీద కోర్టును అనుమానించిండు. తమ నాయకురాలి బెయిల్ రాంగనే న్యాయం గెలిచింది అన్నోళ్లు, రేవంత్ కేసుల తెలంగాణ కోర్టుల మీదనే నమ్మకం లేదన్నరు. 2015ల టీఆర్ఎస్ సర్కార్ ఉన్నప్పుడు ఏసీబీ రేవంత్‌ను పట్టుకుంటే టీడీపీ "కక్ష" అన్నది. 2024 డిసెంబర్ల కాంగ్రెస్ సర్కార్ ఉన్నప్పుడు అదే ఏసీబీ ఫార్ములా-ఈ రేసుల సుమారు 55 కోట్ల మీద కేటీఆర్‌పై కేసు పెడితే బీఆర్ఎస్ "కక్ష" అన్నది. ఏసీబీ అదే, చట్టం అదే. కుర్చీల కూసున్నోళ్లు మారిన్రు, మాటలు కూడ కుర్చీలతోటి మారినయి. వీళ్ల అనుమానం న్యాయం మీద ప్రేమతోటి పుట్టింది కాదు. కుర్చీ పోంగనే పుడతది, కుర్చీ రాంగనే చస్తది. ఆ అరువు అనుమానాన్ని మనం నెత్తిన పెట్టుకొని ఊర్ల ఒకల్లనొకలం తిట్టుకుంటున్నం.

"అన్నా, మరి జడ్జీలంతా కడిగిన ముత్యాలా?" అని అడుగుతరు. కాదు. మన హైదరాబాద్‌లనే జరిగింది. 2012 మేల గాలి జనార్దన్ రెడ్డికి సీబీఐ కోర్టు జడ్జి పట్టాభి రామారావు బెయిల్ ఇచ్చిండు. దాని వెనుక కోట్ల బేరం నడిచిందని సీబీఐ హైకోర్టుకు చెప్పింది. హైకోర్టు ఆయన్ను సస్పెండ్ చేసింది, తర్వాత ఏసీబీ అరెస్ట్ చేసింది. మొన్న 2025 మార్చిల ఢిల్లీల ఒక హైకోర్టు జడ్జి ఇంట్ల మంటలు లేస్తే కాలిన నోట్ల కట్టలు బయటపడ్డయని దేశమంతా చూసింది. అవి నావి కావని ఆయన అన్నడు. కాబట్టి అనుమానం ఉత్తగనే పుట్టలేదు. నిప్పు లేనిదే పొగ రాదు.

కాని ఒకటి గమనించుండ్రి. పట్టాభి రామారావు ముచ్చట బయటపడ్డది ఎట్ల? హోటల్ కాడ తిడితే కాదు. ఒక ఏజెన్సీ సాక్ష్యం పట్టుకొని హైకోర్టు తలుపు కొడితే. ఆ గనుల కేసు 2009ల మొదలైంది, 2025 మే 6న సీబీఐ కోర్టు గాలి జనార్దన్ రెడ్డికి ఏడేండ్ల శిక్ష వేసింది, నెల తిరగంగనే హైకోర్టు ఆ శిక్షను ఆపి బెయిల్ ఇచ్చింది. కింది కోర్టు తీర్పుకే పదిహేనేండ్లు!

పక్క రాష్ట్రం ముచ్చట ఒకటి. జయలలిత ఆస్తుల కేసు చెన్నైల నడుస్తుండె. 2001ల ఆమె మల్ల అధికారంలకు వచ్చినంక సాక్షులను మల్ల పిలిపించిన్రు. 76 మందిని పిలిస్తే 64 మంది ముందు చెప్పిన మాట తప్పిన్రు. సర్కార్ వకీలు గట్టిగ అడ్డం చెప్పలేదు. డీఎంకే నాయకుడు అన్బళగన్ ఈ లెక్కలు పట్టుకొని సుప్రీంకోర్టుకు పోయిండు. 2003 నవంబర్‌ల కోర్టు ఆ కేసును బెంగళూరుకు మార్చింది. 2014ల శిక్ష పడ్డది, 2015ల కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, 2017ల సుప్రీంకోర్టు మల్ల శిక్ష ఖాయం చేసింది. అప్పటికి జయలలిత లేనే లేదు. మిగిలినోళ్లు జైలుకు పోయిన్రు.

అక్కడ కూడ జడ్జి కన్నా ముందు సాక్షులు మెత్తబడ్డరు, సర్కార్ వకీలు మెత్తబడ్డడు. అక్కడ కేసు మారింది, ఇక్కడ మారలేదు. తేడా ఏంది? అక్కడ లెక్క చూపెట్టిన్రు, ఇక్కడ భయం మాత్రమే చూపెట్టిన్రు. అనుమానం ఉంటే సరిపోదు. దానికి తారీకు, సాక్షి, కాగితం జత కావాలె.

ఇప్పుడు మన పాస్‌బుక్కు ముచ్చటకు వస్త. మా దిక్కు ఒక రైతు. భూమి కొలతకు ఒకాయన పైసలు అడిగిండు. "1064కు ఫోన్ చెయ్యి, ఏసీబీ నంబర్ అదే" అని చెప్తే ఆ రైతు ఏమన్నడు? "ఎందుకన్నా, వానికి నాలుగు రోజులు సస్పెన్షన్, మల్ల కోర్టుల గెలిచి వస్తడు, అప్పుడు నా భూమి ముట్టుకోడు. పెద్దోళ్ల కేసే పదేండ్లు ఎటూ తేలలేదు, నా కేసు ఎవడు చూస్తడు?" ఇచ్చేసిండు పైసలు. లంచం అడిగినోడు నవ్వుకుంట పోయిండు.

"కోర్టులు అన్నీ అమ్ముడుపోయినయి" అనే మాట ఎవరికి లాభమో ఇప్పుడు అర్థమైందా? రాజకీయ నాయకునికి కొంత లాభం, లంచం అడిగేటోనికి పూర్తి లాభం. ఆ మాట నమ్మిన రైతు ఫిర్యాదు చేయడు, సాక్ష్యం చెప్పడు, పైసలు ఇచ్చి బయటపడతడు.

రేపు ఇంకా పెద్దవి ఉన్నయి. మన పక్కన్నే మేడిగడ్డ పిల్లర్లు 2023 అక్టోబర్‌ల కుంగినయి. ఘోష్ కమిషన్ రిపోర్టు ఇచ్చింది, సీబీఐకి ఇస్తమని అసెంబ్లీల చెప్పిన్రు. అది ఎప్పుడన్న కోర్టుకు ఎక్కితే, అప్పుడు కూడ మనం "జడ్జి ఏ కులమోడు, ఏ పార్టోడు" అనుకుంట కూసుంటమా? మన నీళ్ల పైసలు అవి. తూకం ముందట నిలబడి బస్తాలు లెక్కపెట్టేటోడు ఒకడన్న ఉండాలె కద.

అందుకే నేను అడిగేవి నాలుగు. మీరు కూడ మీ ఎమ్మెల్యేను, ఏ పార్టీ అయినా సరే, ఊర్లకు వచ్చినప్పుడు ఇవే అడుగుండ్రి.

ఒకటి: ముఖ్యమంత్రి గాని, మంత్రి గాని నిందితుడైన కేసుల పీపీని సర్కార్ పెట్టొద్దు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని అడిగే పెట్టాలె. జయలలిత కేసుల సుప్రీంకోర్టు కర్ణాటకకు చెప్పింది గిదే.

రెండు: గసొంటి కేసు నడిచినన్ని రోజులు ఏసీబీ ఆఫీసర్‌ను హైకోర్టుకు చెప్పకుండ కదిలించొద్దు. గోడ కాగితం మీద కాదు, నిజంగ ఉండాలె.

మూడు: ఎమ్మెల్యే, ఎంపీల కేసుల మీద కన్నేసి ఉంచుమని సుప్రీంకోర్టు 2023 నవంబర్‌ల హైకోర్టులకు చెప్పింది. తెలంగాణల ఒక్కొక్క కేసు ఎక్కడ ఆగింది, ఎవరు వాయిదా అడిగిన్రు అన్నది మూడు నెలలకొకసారి తెలుగుల అందరికీ కనపడేటట్టు పెట్టాలె. వాయిదా అడిగినోని పేరు బయటకు వస్తే సగం రోగం తగ్గుతది.

నాలుగు: సుప్రీంకోర్టు జడ్జీలు 2025 మేల తమ ఆస్తుల లెక్కలు వెబ్‌సైట్ల పెట్టిన్రు. గది కింది కోర్టులదాకా రావాలె. అనుమానానికి మందు కోపం కాదు, లెక్క.

మనం చేసేది కూడ ఉన్నది. కోర్టు హాలు తలుపు అందరికీ తెరిచే ఉంటది, మన హన్మకొండ కోర్టుల అయినా, నాంపల్లిల అయినా. పోయి వెనుక బెంచీ మీద నిశ్శబ్దంగ కూసోవచ్చు, ఎవ్వరు వద్దనరు. ఫోన్ల ఈ-కోర్ట్స్ యాప్ ఉన్నది. కేసు నంబర్ కొడితే తరువాత తారీకు ఎన్నడో కనపడతది. మిర్చి రేటు చూసినట్టే ఇది కూడ చూడుండ్రి. తీర్పు నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయొచ్చు, న్యాయమైన విమర్శకు చట్టం అడ్డం చెప్పదు. కాని సాక్ష్యం లేకుంట "జడ్జి ఇన్ని కోట్లు తిన్నడు" అని ఫార్వర్డ్ కొడితే కోర్టు ధిక్కారం కేసు మన మీదికే వస్తది. నాయకుడు విచారం చెప్పి బయటపడతడు. మన తరఫున మాట్లాడే వకీలు ఎవడు?

ఈసారి ఎవరన్న కండువా వేసుకొని వచ్చి "జడ్జి అమ్ముడుపోయిండన్నా" అంటే, మూడు మాటలు అడుగుండ్రి: పీపీని ఎవరు పెట్టిన్రు? పోయిన తారీకు వాయిదా ఎవరు అడిగిన్రు? మీరు అధికారంల ఉన్నప్పుడు ఈ కేసుల ఎన్ని బస్తాలు కాంట మీదికి ఎక్కించిన్రు?

జవాబు చెప్తే చాయ్ నేనే తాగిపిస్త. చెప్పకపోతే, ఆయన చాయ్ బిల్లు ఆయన్నే కట్టుకోమనుండ్రి.

మీరేమంటరో కింద రాయుండ్రి. తిట్లు వద్దు, తారీకులతోటి రాయుండ్రి.